ముక్కకు ఉప్పు పట్టాలి

కాలేజీలో పాఠం చెబుతుండగా తెలియని మాట తగిలితే, "రేపు చూసి చెబుతాను" అని తప్పించుకోవచ్చు. ఇంట్లో ఆ సదుపాయం లేదు. 2024 నవంబరులో ఒక సాయంకాలం మా మేనకోడలు, "అత్తా! టర్కీని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది.

"టర్కీ అనే అంటారమ్మా. దేశాల పేర్లు మనం మార్చకూడదు," అన్నాను లెక్చరరు హోదాలో.

"దేశం కాదత్తా, పక్షి!" అన్నది.

ఆ పిల్లకు అప్పటికి పదకొండేళ్ళు. అమెరికాలో, టెక్సాసులో పుట్టి పెరిగింది. మా తమ్ముడు ఇక్కడే, మా అమీర్‌పేటలోనే, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కంప్యూటరు కోర్సులు నేర్చుకుని 2008లో ఆ దేశం వెళ్ళాడు. 2024 జూన్‌లో భార్యాబిడ్డలతో తిరిగి వచ్చి పంజగుట్టలో అద్దెకు దిగాడు. మాకు మెట్రోలో ఒక్క స్టేషను దూరం. అప్పటిదాకా మా దగ్గరున్న అమ్మ, కొడుకు దగ్గరికి మారింది.

"మోకాళ్ళ ఆపరేషనైన తల్లిని చూసుకోవడానికి అమెరికా ఉద్యోగం వదులుకుని వచ్చాడు. కొడుకంటే వాడూ!" అన్నారు చుట్టాలందరూ. అమ్మ మొదట్లో మురిసిపోయింది. రానురాను ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేది. కారణం నాకు తెలుసు. ఆ పిల్ల తెచ్చుకున్న పెద్ద పెట్టె అయిదు నెలలైనా సర్దుకోలేదు. కావలసిన గౌను ఒకటి తీసుకుని మళ్ళీ తాళం వేస్తుంది. ఏమడిగినా "ఓకే" అంటుంది. "నా మోకాళ్ళ కోసం పసిదాన్ని ఊరుగాని ఊరు లాక్కొచ్చారే," అని అమ్మ ఒకనాడు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

అసలు సంగతి అది కాదు. తమ్ముడి ఉద్యోగం పోయింది. అతనికున్న వీసా మీద ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికి 60 రోజులు గడువు. ఆ 60 రోజులూ గడిచిపోయాయి. "అమ్మకు చెప్పకు అక్కా, బెంగ పెట్టుకుంటుంది," అన్నాడు. నేను చెప్పలేదు. ఇదంతా ఇక్కడ రాస్తున్నది తమ్ముడి అనుమతితోనే సుమండీ.

అటువంటి పిల్ల వచ్చాక మొదటిసారి నోరు తెరిచి కోరిన కోరిక ఈ టర్కీ. కాదనడానికి నాకు మనసు రాలేదు.

అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. 1863లో లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. నాలుగో గురువారమని 1941లో చట్టం చేశారు. మన సంక్రాంతికి లాగే ఎక్కడెక్కడి వాళ్ళూ ఇంటికి చేరతారు. టర్కీ కోడిని కోయకుండా నిండుగా కాల్చి బల్ల మధ్య పెడతారు. తినబోయే ముందు, ఈ ఏడాది తాము దేనికి కృతజ్ఞులో ఒక్కొక్కరూ చెప్పుకోవడం చాలా ఇళ్ళలో ఆచారం.

ఆ ఏడు నాలుగో గురువారం 28వ తేదీన పడింది. అది కార్తీకమాసం. మా ఇంట్లో ఆ నెల నీచు ముట్టరు. అమ్మ తీర్పు చెప్పింది: "పోలిని స్వర్గానికి పంపి, ఆ తర్వాత మీ కోడిని తెచ్చుకోండి. గురువారం మాత్రం వద్దు. మార్గశిర లక్ష్మివారాలు." పోలిపాడ్యమి డిసెంబరు 2న వచ్చింది. మా థాంక్స్‌గివింగ్ 8వ తేదీ ఆదివారానికి కుదిరింది.

పక్షి పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది. పరదేశం నుంచి వచ్చినదానికల్లా మనం సీమచింత, సీమవంకాయ అంటాం కనుక "సీమకోడి అందాం" అన్నాను. ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేస్తే చిత్రమైన సంగతులు బయటపడ్డాయి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టర్కీ దేశం పేరుతో పిలుస్తారా, ఆ టర్కీవాళ్ళేమో దాన్ని "హిందీ" అంటారు, అంటే ఇండియాదని. ఫ్రెంచివాళ్ళ పేరుకూ ఇండియా పక్షి అనే అర్థం. డచ్చివాళ్ళు మన కాలికట్టు పేరు తగిలించారు. పోర్చుగీసువాళ్ళది "పెరు". నిజానికి అది మెక్సికో పక్షి. అక్కడివాళ్ళు దాన్ని మచ్చిక చేసి రెండు వేల ఏళ్ళకు పైనే అయింది. ఊరూరి పేరూ పెట్టారు గాని, సొంత ఊరి పేరు పెట్టినవాళ్ళు లేరు!

1612లో ముకర్రబ్ ఖాన్ అనే అధికారి గోవాలో పోర్చుగీసుల దగ్గర ఒక టర్కీని కొని జహంగీరు పాదుషాకు సమర్పించాడు. దాని తల ఊసరవెల్లిలాగా రంగులు మారుస్తున్నదని పాదుషా ముచ్చటపడి తన దినచర్యలో రాసుకున్నాడు. మన్సూరు చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియంలో ఉన్నది. దాని నకలు మేనకోడలికి చూపించాను. చాలాసేపు చూసి, "అక్కడ నన్ను ఇండియన్ అనేవాళ్ళు. ఇక్కడ స్కూల్లో అమెరికా అమ్మాయి అంటున్నారు," అన్నది. ఏ నిఘంటువు చూసి దానికి జవాబు చెప్పను?

టర్కీలు పెంచే ఒక రైతు నగరం వెలుపల దొరికాడు. శుభ్రం చేసి ఇచ్చిన పక్షి అయిదు కిలోలు తూగింది. తీరా తెచ్చాక తెలిసింది, అది మా ఓవెనులో పట్టదు. తమ్ముడి ఓవెను కూడా మా దాని పాటిదే. బేకరీలో అడిగితే, "రొట్టెలు, కేకులు కాల్చే చోట మాంసం పెడితే శాకాహారులు మళ్ళీ మా గుమ్మం ఎక్కుతారా అమ్మా?" అన్నాడాయన. న్యాయమే. చివరికి మాంసం కొట్టాయన చేత నిలువునా రెండు సగాలు చేయించాం. ఒక సగం అమీర్‌పేటలో, ఒక సగం పంజగుట్టలో కాల్చాలని ఏర్పాటు. అది విని పిల్ల ముఖం చిన్నబోయింది. "నిండుగా ఉండాలి," అన్నది. మళ్ళీ వెంటనే, "ఓకే," అన్నది. ఆ ఓకే వినలేక మా మరదలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం రాత్రి పంజగుట్టలో ఉప్పునీళ్ళ కార్యక్రమం. టర్కీ రొమ్ము మాంసంలో కొవ్వు బహు తక్కువ. వేడి తగిలితే కండ ముడుచుకుని నీరంతా వదిలేసి రంపపుపొట్టులా తయారవుతుంది. అందుకని ముందు ఉప్పునీళ్ళలో ఊరవేస్తారు. మరదలి దగ్గరున్న అమెరికా పద్ధతిలో "గాలనుకు ఒక కప్పు ఉప్పు" అని ఉన్నది. ఇక్కడే మోసం. మన మెత్తటి ఉప్పు కప్పుకు 280 గ్రాములు పైబడి తూగుతుంది. అక్కడ వంటకు వాడే రేకుల్లాంటి ఉప్పు రకాల్లో కొన్ని దాదాపు అందులో సగమే తూగుతాయి. కనుక కప్పులు నమ్మకండి, కాటా నమ్మండి. లీటరు నీటికి 60 గ్రాములు. మేము 8 లీటర్లకు 480 గ్రాములు వేశాం. ఆ పిల్లే కాటా ముందు కూర్చుని గ్రాము తేడా రాకుండా తూచింది. రెండు లీటర్ల నీళ్ళలో ఆ ఉప్పూ, గుప్పెడు పంచదార, మిరియాలు, బిర్యానీ ఆకు, చితకగొట్టిన వెల్లుల్లి, కమలాపండు తొక్క వేసి మరగనిచ్చి, దించి, తక్కినది చల్లటి నీరు కలిపాం. పూర్తిగా చల్లారాకనే మాంసం అందులో వేయాలి. గుండిగను రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. చల్లదనం 5 డిగ్రీలు దాటకూడదు. బయట పెడితే విందు కాస్తా ఆస్పత్రి దారి పడుతుంది. మా గుండిగ కోసం ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి, పెరుగూ కూరలూ పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌కు పంపాం.

అమ్మ కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నది. "ఉప్పు వేస్తే ముక్క నీరు వదులుతుంది గాని పీలుస్తుందిటే? మామిడికాయ ముక్కలకు ఉప్పు వేస్తే ఊట దిగదూ?" అన్నది.

ఎం.ఏ. తెలుగు ఆ ప్రశ్నకు పనికిరాలేదు. తమ్ముడు చెప్పాడు. ఉప్పు బాగా ఎక్కువైతే, నిజమే, నీటిని బయటికి లాగుతుంది. పలచని ఉప్పునీళ్ళలో నెమ్మదిగా నానితే ఉప్పు కండలోకి దిగి, అక్కడి మాంసకృత్తులను కాస్త సడలించి ఉబ్బేటట్లు చేస్తుంది. అవి నీటిని పట్టి ఉంచుతాయి. పొయ్యిమీద కూడా అంత తేలికగా వదలవు. ఉత్త ఉప్పు రాసి ఉంచినా మొదట నీరు కారుతుంది, తరువాత ఆ ఉప్పునీటినే మాంసం మళ్ళీ పీల్చుకుంటుంది. కావలసింది తొందర లేకపోవడం.

"ఓస్! మాగాయ సంగతేగా ఇది!" అన్నది అమ్మ. "మూడు రోజులు ఉప్పులో ఊరితే ముక్క తన నీళ్ళన్నీ వదిలేస్తుంది. పిండి ఎండబెడతాం. ఎండి వొరుగైపోయిందే అనుకుంటాం. మళ్ళీ ఆ ఊటలోనే పడేస్తే ఎంత కమ్మగా పీల్చుకుంటుందీ! సొంత ఊట గనక."

ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు గుండిగ మీద మూత పెట్టాడు.

పన్నెండు గంటలు ఊరాక, ఆదివారం ఉదయం తీసి, ఆ నీళ్ళు పారబోసి, మాంసాన్ని గుడ్డతో తడి లేకుండా అద్దాం. చర్మం పొడిగా ఉంటేనే ఎర్రగా కాలుతుంది. పంజగుట్ట సగానికి పిల్ల కోరినట్టే వెన్న, వెల్లుల్లి, మిరియాల పొడి, రోజ్‌మేరీ, థైమ్ అనే ఎండుటాకులు కలిపి చర్మం కింద పట్టించారు. అమీర్‌పేట సగం నా వంతు. అమ్మ ఆజ్ఞ ప్రకారం అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, కారం, నిమ్మరసం. ఉప్పునీళ్ళలో ఊరినదానికి మళ్ళీ ఉప్పు వేయకూడదని పదిమందికి చెప్పిన నేనే, కొనుక్కొచ్చిన అల్లం ముద్దలో ఉప్పు ఉంటుందని మరిచిపోయాను. మా సగం పైపైన కాస్త ఉప్పనైంది. మా వారు మాత్రం, "బాగానే ఉన్నది, అన్నంలోకైతే సరిపోతుంది," అని నా పరువు కాపాడారు.

180 డిగ్రీల వేడిలో ఒక్కొక్క సగానికి గంటన్నర చేరువలో పట్టింది. గడియారం చూసి దించకూడదు. మందమైన చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. దించిన తరువాత ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే రసం ముక్కలోనే నిలుస్తుంది. మా సగాన్ని మూతపళ్ళెంలో పెట్టి, పాత దుప్పటి చుట్టి, ఆటోలో పంజగుట్ట చేర్చాం.

పెద్ద పళ్ళెంలో రెండు సగాలూ ఒకదానికొకటి ఆనించి పెట్టింది మా మేనకోడలు. ఒక పక్క బంగారు రంగు, ఒక పక్క కారపు ఎరుపు. వెనక్కు జరిగి చూసుకుని, "నిండుగానే ఉంది," అన్నది. అప్పుడు తట్టింది నాకు. మిరపకాయ కూడా ఆ మెక్సికో వైపు నుంచి వచ్చిందే. పోర్చుగీసువాళ్ళే తెచ్చారు. ఇవాళ అది లేకుండా తెలుగువాడికి ముద్ద దిగుతుందా? సొంత ఊరివాళ్ళిద్దరూ పంజగుట్టలో కలుసుకున్నారన్నమాట.

తినబోయే ముందు ఆచారం మొదలైంది. పిల్ల, "అత్తకూ, నానమ్మకూ థాంక్స్," అన్నది. నేనేదో అన్నాను. తమ్ముడి వంతు వచ్చింది. కాసేపు పళ్ళెం కేసి చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మా, నీ కోసం వచ్చానని అందరూ అంటున్నారు. నేనూ ఊరుకున్నాను. నా ఉద్యోగం పోయిందమ్మా. గడువు లోపల ఇంకొకటి దొరకలేదు. అందుకని వచ్చాం. వస్తే ఉండడానికి నువ్వు ఉన్నావు. అదే నా థాంక్స్."

అమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె ముఖం చూస్తే మోకాళ్ళ మీంచి పెద్ద బరువు దించినట్టుంది. "ఆ మాట ముందే ఏడవచ్చు గదరా! ఆర్నెల్లుగా ఈ పిల్ల ముఖం చూడలేక చస్తున్నాను," అని, మనవరాలి వంక తిరిగి, "నీకు తెలుసుటే?" అని అడిగింది.

"తెలుసు నానమ్మా. నాన్న చెప్పొద్దన్నాడు," అన్నది పిల్ల. అన్ని నెలలూ ఆ "ఓకే" వెనకాల ఏమున్నదో అప్పుడు తెలిసింది మాకు. ఇంట్లో నలుగురం ఒకే రహస్యాన్ని అమ్మ నుంచి దాచి, దాని బరువును అమ్మ మీదే పెట్టాం. బెంగ పెట్టుకుంటుందని దాచిన మాట కంటే, దాచడం వల్లనే ఆమె ఎక్కువ బెంగ పెట్టుకున్నది. ఆ తప్పులో సగం నాది.

తమ్ముడికి తరువాత ఇక్కడే ఉద్యోగం దొరికింది, జీతం మునుపటంత కాకపోయినా. పిల్ల పెట్టె ఇంకా ఉన్నది గాని, అందులో ఇప్పుడు ఉన్నిబట్టలు మాత్రమే ఉన్నాయి.

2025 వేసవిలో అమ్మ మాగాయ పెట్టింది. నేను వెళ్ళేసరికి మేనకోడలు మామిడికాయ ముక్కల పక్కన కాటా పెట్టుకుని కూర్చున్నది.

"నానమ్మా, కిలోకు ఎన్ని గ్రాముల ఉప్పు?"

"గ్రాములేమిటే! చేత్తో వెయ్యి. చెయ్యి చెబుతుంది," అంటున్నది అమ్మ.

పిల్ల నానమ్మ చేత గుప్పెళ్ళతో ఉప్పు తీయించి, ఒక్కొక్క గుప్పెడూ కాటా మీద పోయించి, కాగితం మీద లెక్క రాసుకుంటున్నది.