గురువుగారి గొంతుకు ఒక కానుక

సెప్టెంబరు 5 సమీపించగానే జీడిమెట్ల దుకాణాలలో పెన్నుల పెట్టెలు, ప్లాస్టిక్ పూలగుత్తులు బారులు తీరుతాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినాన్ని 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఇన్నేళ్ళలో ఒక్కొక్క టీచరుగారి బీరువాలో ఎన్ని పెన్నులు మూలుగుతున్నాయో!

ఉపాధ్యాయ వృత్తిలో ముందుగా అరిగిపోయేది గొంతు. అదే వారి జీవనాధారం. నిండిన తరగతిలో గంటల తరబడి బిగ్గరగా పలకాలి. సుద్దముక్కల పొడి ఒకవైపు, ఈ పారిశ్రామికవాడలో లారీల దుమ్ము, పొగ మరొకవైపు. కనుక కానుక గొంతుకు మేలు చేసేదై ఉండాలని నా అభిప్రాయం. గోరువెచ్చని నీటికి మంచి స్టీలు ఫ్లాస్కు ఇవ్వండి. నలుగురు తల్లులు కలిస్తే ఎవరికీ భారం కాదు. దానిమీద పేర్లు మాత్రం చెక్కించకండి, పెళ్ళిసామాను కాదు గదా!

చరక సంహిత గొంతుకు హితమైన పది ద్రవ్యాలలో యష్టిమధువును, అనగా మన అతిమధురాన్ని, ద్రాక్షను కూడా చేర్చింది. చిన్న అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకొని రసం మింగితే గొంతు గరగర ఉపశమిస్తుంది. అయితే రక్తపోటు, గుండె, మూత్రపిండ వ్యాధులున్నవారు, గర్భిణులు దీనిని వాడరాదు. ఇతరులైనా రోజుల తరబడి వాడరాదు. వారి ఆరోగ్యం గురించి అడగడానికి మొహమాటమైతే ఎండుద్రాక్ష ఇవ్వండి. మధుమేహమని తెలిస్తే అదీ వద్దు, ఫ్లాస్కు చాలు.

ఒక్కమాట. టీచరుగారి గొంతు మూడు వారాలు దాటినా బొంగురుగానే ఉన్నదని పిల్లలు చెబితే, చిట్కాలు చెప్పక, గొంతు వైద్యునికి చూపించుకొమ్మని చనువుగా చెప్పండి.