ఆ కొద్ది నిమిషాలు ఆమె ఎక్కడ ఉంటుంది?

ఇంట్లో గొడవ జరుగుతుండగా ఉన్నట్టుండి కొయ్యబారిపోయి, పేరు పెట్టి పిలిచినా పలకనివారిని మా యొద్దకు తీసుకొని వస్తుంటారు. "అయ్యగారూ, దయ్యం పట్టింది, ప్రార్థన చేయండి" అంటారు. సేవలోకి వచ్చిన తొలి దినాలలో మేము కూడా ఒక యౌవనస్థురాలి విషయంలో అలాగే నమ్మి గట్టిగా గద్దించాము. గదిలో జరుగుతున్నదంతా ఎక్కడో దూరాన, ఇంకెవరికో జరుగుతున్నట్లు కనబడిందని ఆమె తరువాత చెప్పింది. మేము ఆమెను మరింత భయపెట్టామంతే.

వైద్యులు దీనిని డిసోసియేషన్ అంటారు. బాధ భరించలేనిదై, పారిపోవుటకు దారి లేనప్పుడు మనస్సే అక్కడనుండి తప్పుకొంటుంది. దెబ్బలు తినే పసిబిడ్డకు అదొక ఆశ్రయం. అయితే పెద్దయిన తరువాత కూడా, ఒక్క కోపపు మాటకే మనస్సు అలా తప్పుకొంటుంది.

బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ గలవారిలో ఇది తరచుగా కనబడుతుంది. నన్ను విడిచిపెడతారేమోనన్న భయం, నేడు ప్రాణమిచ్చిన మనిషినే రేపు శత్రువుగా చూచుట, తమ ఒంటిని తామే కోసుకొనుట దీని ఇతర లక్షణాలు. ఒత్తిడి వేళ కలిగే తీవ్రమైన డిసోసియేషన్‌ను అమెరికా మానసిక వైద్యులు 1994లో ఈ జాబితాలో చేర్చారు. 1989లో జూడిత్ హెర్మన్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో, ఈ రుగ్మత గలవారిలో 81 శాతం మంది బాల్యంలో ఘోరమైన అనుభవాలు పొందినట్లు చెప్పారు. దెబ్బలు తిన్నవారు 71 శాతం; ఇంట్లో తీవ్రమైన హింసను కళ్లారా చూచినవారు 62 శాతం. బిడ్డమీద చెయ్యి వేయలేదు గదా అనుకొనే తండ్రులు ఈ రెండవ అంకెను మరల చదవాలి! పరిశీలించినవారు కొద్దిమందే. రోగులందరి బాల్యమూ ఇలాంటిది కాదు గనుక ప్రతి తల్లిదండ్రులనూ అనుమానించకూడదు.

అట్టి వేళ కుదపవద్దు, చెంపమీద కొట్టవద్దు. మెల్లగా పేరు పిలిచి, ఎక్కడ ఉన్నదో, ఏ రోజో చెప్పండి. పాదాలు నేలకు ఆనించమనండి, చల్లని నీళ్ల గ్లాసు చేతికివ్వండి. ఇది వైద్యం కాదు, ఆ పూటకు సహాయం. మార్షా లైనహాన్ రూపొందించిన డి.బి.టి. చికిత్స అనేకులకు మేలు చేసింది. తానూ యౌవనంలో ఇలాంటి బాధతోనే ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు.

ఇప్పుడు మేము ప్రార్థనకు ముందు, వెంట వచ్చినవారిని బయట కూర్చోమంటాము. పాస్టరమ్మగారు ప్రక్కన ఉండగా ఆమెను మెల్లగా మాట్లాడనిస్తాము. గాయపరచినవాడు వెంట వచ్చినవారిలోనే ఉండవచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098కు, మానసిక సహాయం కొరకు 14416కు ఫోన్ చేయవచ్చును.