స్విచ్చి వేస్తే చాలు... పీసీ తలుపులు బార్లా!

హాల్లో ఉండే కంప్యూటర్ ఇంటిల్లిపాదిదీ. పిల్లల ప్రాజెక్టులు, అమ్మ దాచిన పెళ్లి ఫొటోలు, నాన్నగారి ఇన్‌కంట్యాక్సు కాగితాలు... అన్నీ అందులోనే. అలాంటి పీసీ పవర్ బటన్ నొక్కగానే పాస్‌వర్డ్ అడక్కుండా సరాసరి నాన్నగారి డెస్క్‌టాప్ మీదకి తీసుకెళ్లి కూర్చోబెడుతోందనుకోండి. బ్రౌజర్ తెరిస్తే ఆయన మెయిల్ తెరిచే ఉంటుంది. సవాలక్ష సైట్లు పాస్‌వర్డ్ మార్చుకునే లింకు పంపేది ఆ మెయిల్‌కే! 'మనింట్లో వాళ్లేగా' అని వదిలేస్తే ఎలా? ఇంటికొచ్చే వాళ్లందరూ మనవాళ్లే కాదు కదా.

ముందు చూడాల్సింది, అసలు పాస్‌వర్డ్ ఉందా అని. ఒకే అకౌంట్ ఉండి, దానికి పాస్‌వర్డ్ లేకపోతే విండోస్ ఎవరినీ ఏమీ అడగదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ దగ్గర్నుంచి విండోస్ 11 దాకా ఇదే తీరు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ పెట్టేయండి. దాన్ని కాగితమ్మీద రాసి బీరువాలో దాచుకుంటే తప్పేం లేదు. మానిటర్‌కి అంటించకపోతే చాలు!

పాస్‌వర్డ్ ఉన్నా అడగడం లేదా? అయితే ఎవరో ఆటోమేటిక్ లాగిన్ పెట్టారన్నమాట. విండోస్ ఎక్కించిన మెకానిక్ తన పని సులువు కావడానికి పెట్టి, తీయడం మర్చిపోయి ఉండొచ్చు. విండోస్ కీతోపాటు 'ఆర్' నొక్కితే రన్ బాక్స్ వస్తుంది. అందులో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్ అక్షరాల్ని కలిపి టైపు చేసి ఎంటర్ కొట్టండి. వచ్చే విండోలో పైనే 'యూజర్స్ మస్ట్ ఎంటర్ ఎ యూజర్ నేమ్ అండ్ పాస్‌వర్డ్...' అని ఉంటుంది. దాని పక్కన టిక్ పెట్టి ఓకే చేసి, పీసీని రీస్టార్ట్ చేయండి.

కొత్త విండోస్‌లో ఆ టిక్ పెట్టే గడే కనిపించకపోవచ్చు. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో 'ఓన్లీ అలో విండోస్ హలో సైన్-ఇన్' అనే స్విచ్ ఆన్‌లో ఉంటే అది మాయమవుతుంది. తాత్కాలికంగా ఆఫ్ చేసి, పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి.

అప్పటికీ మొండికేస్తే రిజిస్ట్రీలోకి వెళ్లక తప్పదు. ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో ముందుగా కాపీ తీసిపెట్టుకోండి. హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, చివరగా విన్‌లాగాన్... ఇదీ దారి. అక్కడ 'ఆటోఅడ్మిన్‌లాగాన్' విలువ 1 ఉంటే 0 చేయండి. పనిలోపనిగా 'డీఫాల్ట్‌పాస్‌వర్డ్' అనే పేరు ఉందేమో వెతకండి. రిజిస్ట్రీలో చేత్తో ఆటోమేటిక్ లాగిన్ పెట్టిన వాళ్లు పాస్‌వర్డ్‌ని ఇక్కడే రాస్తారు. తాళం, మూత ఏమీ ఉండవు, మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. ఆ పీసీలో వేరే అకౌంట్‌తో కూర్చున్న వాళ్లయినా చదివేయగలరు. కనిపిస్తే తీసేసి, పాస్‌వర్డ్ కూడా మార్చేయడం మేలు. అది ఇప్పటికే ఎవరి కంట పడిందో తెలీదు మరి.

కొందరి గొడవ ఇంకో రకం. ఆన్ చేసినప్పుడు అడుగుతుంది, స్లీప్ నుంచి లేచినప్పుడు అడగదు. దీనికి రిజిస్ట్రీ దాకా పోనక్కర్లేదు. సైన్-ఇన్ ఆప్షన్స్‌లోనే 'మళ్లీ ఎప్పుడు సైన్-ఇన్ అడగాలి' అన్న చోట 'నెవర్' ఉంటే మార్చండి. భోజనానికి లేచేటప్పుడు విండోస్ కీ, 'ఎల్' కలిపి నొక్కితే అప్పటికప్పుడే లాక్ పడుతుంది.

పిల్లలకి విడిగా స్టాండర్డ్ అకౌంట్ తెరిచిపెట్టండి. వాళ్ల గేముల గొడవ వాళ్లది, నాన్నగారి ఫైళ్ల జోలికి ఎవరూ రారు. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ మాత్రం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. అది పిల్లల చేతికిస్తే పైన చెప్పిన టిక్‌ని తీసేయడం వాళ్లకి నిమిషం పని!