తూటా వేగం, రైలు వేగం – చేరేదెప్పుడు?

మన భాషలో రెండు సామెతలున్నాయి. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఒకటి, ‘నిదానమే ప్రధానం’ అని మరొకటి. పెద్దలు సందర్భాన్ని బట్టి ఏదో ఒకటి వాడుతుంటారు. ఈ రోజుల్లో మాత్రం రెండో సామెత వినపడటమే కరువైంది. పత్రిక తెరిస్తే వేగం, టీవీ పెడితే వేగం. నేరస్తుడికి తక్షణమే శిక్ష పడాలంటారు. పట్నం నుంచి పట్నానికి బుల్లెట్ రైలు రావాలంటారు. మన హాస్టళ్లలో, క్యాంటీన్లో జరిగే చర్చలు కూడా చాలావరకు ఇట్లాగే సాగుతున్నాయి. ‘ఎంత త్వరగా?’ అని అడిగేవాళ్లు బోలెడుమంది. ‘ఎక్కడికి?’ అని అడిగేవాళ్లు తక్కువ.

బుల్లెట్ అన్న ఒక్క మాటనే తీసుకోండి. తెలుగులో తూటా అంటే భయం, బుల్లెట్ అంటే ముచ్చట. మా ఊళ్లో కుర్రాళ్లకు బుల్లెట్ అంటే డుగ్గుడుగ్గుమనే మోటారు సైకిలు. పత్రికలవారికి బుల్లెట్ అంటే రైలు. తూటా రైలు అని ఏ పత్రికా రాయదు, రాస్తే ఎవరూ ఎక్కరేమో! పోలీసు వార్త దగ్గరికి వచ్చేసరికి తూటా అన్న మాట కూడా మాయమై ‘ఎదురుకాల్పులు’ అన్నది ముందుకొస్తుంది. ఎదురు అన్నప్పుడు రెండు వైపుల నుంచీ కాల్పులు జరిగి ఉండాలి కదా అన్న చిన్న సందేహం మాత్రం చదివేవాడి మనసులో అట్లాగే ఉండిపోతుంది.

నేను భౌతికశాస్త్రం చదివేవాణ్ణి. మా లెక్చరర్లు మొదటి యేడే నేర్పిన పాఠం ఒకటుంది. సగటు వేగం కావాలంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి. బయలుదేరిన క్షణాన ఎంత జోరు మీదున్నామన్నది లెక్కకు రాదు. గమ్యం ఏదో, అక్కడికి చేరిన గంట ఎంతో తెలియాలి. ఈ చిన్న సూత్రాన్ని మన వార్తలకు పెట్టి చూస్తే చాలా సంగతులు తేటతెల్లమవుతాయి.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలిని అపహరించి, అత్యాచారం చేసి చంపిన ఘోరం మనందరికీ తెలుసు. ఆమెను దిశ అని పిలుచుకున్నాం. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సంఘటన జరిగిన తీరు తెలుసుకోవడానికి వాళ్లను అక్కడికి తీసుకెళ్లామని, వాళ్లు ఆయుధాలు లాక్కుని తిరగబడ్డారని పోలీసులు చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. తొమ్మిది రోజుల్లో న్యాయం జరిగిందన్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అదే నెల 12న సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసి ఆరు నెలల గడువిచ్చింది. నివేదిక 2022 జనవరిలో అందింది, మే నెలలో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పది మంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలనీ సంఘం తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఇది సంఘం అభిప్రాయమే, కోర్టు తీర్పు కాదు. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. అంటే తొమ్మిది రోజుల్లో ముగిసిందనుకున్న కేసు నుంచి ఇంకో కేసు పుట్టింది. దాని నివేదిక బయటపడటానికే రెండున్నరేళ్లు పట్టింది. నిందితుల నేరం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు, ఇక కాదు. చచ్చినవాడి మీద విచారణ నడవదు గదా.

సరిగ్గా అదే వారంలో మన రాష్ట్రంలోనే ఇంకో ఘోరం జరిగింది. నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి చిల్లర సామాను అమ్ముకుని బతికే ఒక పేద దళిత స్త్రీని ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. సమత అని పేరు పెట్టారు. అక్కడ తూటా పేలలేదు. ప్రత్యేక కోర్టు వేశారు, సాక్షులను విచారించారు, నిందితుల వాదనా విన్నారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికీ మరణశిక్ష వేసింది. నేరం జరిగిన నాటి నుంచి 67 రోజులు! ఉరి ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, అందులో నాకూ అనుమానాలున్నాయి. కానీ నేరం రుజువైంది, నేరస్తులెవరో న్యాయస్థానం చెప్పింది. ఎన్ని టీవీలు ఆ వార్త చుట్టూ తిరిగాయి? ఆ కోర్టు మెట్ల మీద ఎవరు పూలు చల్లారు?

మిత్రులారా, ఏది వేగం? తొమ్మిది రోజుల్లో బయలుదేరి యేండ్ల తరబడి దారిలోనే నిలిచిందా, 67 రోజుల్లో తీర్పు దాకా చేరిందా?

‘కోర్టులను నమ్ముకుంటే ముసలివాళ్లమైపోతాం’ అనే మిత్రుల బాధ నాకు అర్థం కాకపోలేదు. 2012 డిసెంబరులో ఢిల్లీ నిర్భయ కేసు జరిగితే దోషులకు ఉరి పడింది 2020 మార్చిలో. ఆ తల్లి ఏడేండ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. పొలం గట్టు తగాదాకే మా ఊరి రైతులు పదేండ్లు వాయిదాలకు తిరిగిన సంగతి నేనెరుగుదును. జనం పూలు చల్లింది పోలీసుల మీద ప్రేమతో కాదు, కోర్టుల మీద విసుగుతో. ఆ విసుగు న్యాయమైనదే. అయితే సమత కేసులో 67 రోజుల్లో అయిన పని మిగతా కేసుల్లో ఎందుకు కాదని ఆ విసుగు నిలదీయాలి. తుపాకీకి దండ వేస్తే ఆ ప్రశ్న చల్లారిపోతుంది. ప్రత్యేక కోర్టులు, జడ్జీలు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు ఇవ్వవలసిన ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంకో సంగతి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజుల్లో ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో పోయారు. అప్పుడూ దండలే, అప్పుడూ జేజేలే. తూటా భయంతో నేరాలు ఆగేటట్టయితే పదకొండేండ్ల తరువాత తొండుపల్లిలో ఆ రాత్రి వచ్చేదే కాదు.

అసలు వేగం కావలసింది ఎప్పుడు? ఆ రాత్రే. కూతురు ఇంటికి రాలేదని కుటుంబం పోలీసుల దగ్గరికి పోతే, ఇది మా పరిధి కాదు ఆ స్టేషనుకు పోండి అన్నారని వాళ్లు మొరపెట్టుకున్నారు. కేసు నమోదులో జాప్యం చేశారని ఒక ఎస్సైనీ ఇద్దరు సిబ్బందినీ సస్పెండ్ కూడా చేశారు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న పద్ధతి, అదే జీరో ఎఫ్ఐఆర్, అప్పటికే ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో స్పష్టంగా చేరింది కూడా. ఆ రాత్రి గడియారం చూడవలసినవాళ్లు చూడలేదు. తొమ్మిది రోజుల తరువాత తెల్లవారుజామున చూపిన తొందర ఆ రాత్రికి బదులు కాలేదు.

తూటా, పోలీసు, రైలు మూడూ ఒక్కచోట కలిసిన రోజు కూడా మన దగ్గరే ఉంది. 2022 జూన్ 17న అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషనులో యువకులు బోగీలకు నిప్పు పెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు ప్లాట్‌ఫారం మీదే ప్రాణం విడిచాడు. బోగీలు తగలబెట్టడం తప్పే, అది ప్రజల సొమ్ము. కానీ ఆ గుంపులో చాలామంది పరుగు పందెం, వైద్య పరీక్ష గట్టెక్కి, రాత పరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న పల్లెటూరి పిల్లలు. కాగితం మీద కదలని పరీక్ష ఒకవైపు, క్షణంలో కదిలిన తూటా ఇంకోవైపు. మన వ్యవస్థకు వేగం ఎక్కడ చేతనవునో, ఎక్కడ చేతకాదో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇకపోతే రైలు సంగతి. జపానువారు 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల నడుమ గంటకు 210 కిలోమీటర్ల రైలు నడిపారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు షింకన్‌సెన్, అంటే కొత్త ప్రధాన మార్గం అని మాత్రమే. బుల్లెట్ అన్న ఆర్భాటం లోకానికి ఎక్కువ నచ్చింది. మన దేశంలో ముంబయి–అహ్మదాబాద్ మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. 508 కిలోమీటర్లు, అప్పటి అంచనా లక్షా ఎనిమిది వేల కోట్లు, అంటే కిలోమీటరుకు రెండు వందల కోట్లకు పైనే. 2022కల్లా పరుగెడుతుందన్నారు. 2022 వచ్చింది, పోయింది, రైలు రాలేదు. గంటకు 320 కిలోమీటర్లంటే సెకనుకు 89 మీటర్లు. రైఫిలు తూటా సెకనుకు ఏడు వందల మీటర్లు దాటుతుంది. పేరు బుల్లెట్టే గాని, అనుకున్న వేగంతో నడిచినా అది తూటాలో ఎనిమిదో వంతే!

మన వైపు కూడా ముంబయి–హైదరాబాద్ మార్గం 711 కిలోమీటర్లు అని, జహీరాబాద్ మీదుగా వస్తుందని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి వినిపిస్తే మా నాయిన అడిగిన మొదటి మాట: ‘ఏ సర్వే నంబర్ల మీదికెళ్లి పోతదిరా?’ రెండో మాట: ‘మన దగ్గర ఆగుతదా?’ రైతుకు రైలంటే ఈ రెండే ప్రశ్నలు. ఆగని రైలుకు భూమి ఇవ్వడం, పారని కాలువకు శిస్తు కట్టడం లాంటిది.

నిజానికి మా ఇస్నాపూర్‌కు కావలసిన వేగం చాలా చిన్నది. పాశమైలారం కర్మాగారాల షిఫ్టు దిగిన కార్మికులు, పొద్దున్నే కాలేజీకి పోయే మేమూ చౌరస్తాలో లారీల నడుమ బస్సు కోసం నిలబడతాం. 2017లో మెట్రో మియాపూర్ నుంచి మొదలైంది. 2023 జూలైలో రాష్ట్ర మంత్రివర్గం మియాపూర్ నుంచి ఇస్నాపూర్ దాకా మెట్రో వేస్తామంది. మా ఊరి పేరు పత్రికల్లో చూసి మురిసిపోయాం. ఆ యేడు చివర్లోనే ప్రభుత్వం మారింది, ప్రణాళిక మారింది. 2024లో ఆమోదించిన దాంట్లో మార్గం పటాన్‌చెరు దగ్గరే ఆగింది. ఒక్క పిల్లరు లేవకముందే మా ఊరికి మెట్రో వచ్చిందీ, పోయిందీ. ఇంతకంటే వేగమైన రైలు ఏ దేశంలో ఉంటుంది?

హాస్యానికి అన్నాను గాని, ఇందులో చేదు ఉంది. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది. గంటకు 160 కిలోమీటర్లు పోగల బండి. 699 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, సగటు గంటకు 82. బండి బాగుంటే చాలదు, పట్టాలు, సిగ్నళ్లు బాగుండాలి. అదే యేడు అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరు రైలును వెనక నుంచి ఇంకో ప్యాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. రైళ్లు ఢీకొనకుండా తమంతట తామే ఆగే ‘కవచ్’ను 2022 మార్చిలో మన వికారాబాద్ వైపు గుల్లగూడ దగ్గర మంత్రి సమక్షంలో ప్రయోగించి చూపారు. కంటకాపల్లి మార్గానికి అది చేరలేదు. కొత్త బండికి పచ్చజెండా ఊపితే ఫొటో వస్తుంది. బ్రేకుకు ఎవరు జెండా ఊపుతారు?

విజ్ఞాన విద్యార్థిగా నాకు తోచింది ఇదే. వేగం రెట్టింపయితే చలనశక్తి నాలుగింతలవుతుంది, ఆపడానికి అంత బలమైన బ్రేకు కావాలి. షింకన్‌సెన్ గొప్పతనం దాని పరుగులో కన్నా, భూమి కంపించగానే ఆగే దాని ఏర్పాటులో ఉంది. పోలీసుకు అటువంటి బ్రేకు చట్టం, కోర్టు, విచారణ. బ్రేకు లేదని సంతోషించే ప్రయాణికుణ్ణి మనం ఎక్కడైనా చూశామా? మరి బ్రేకు పీకేసిన పోలీసు మీద పూలెందుకు చల్లుతాం? ఇవాళ అది మనకు నచ్చనివాడి వైపు పోతున్నదని మురిస్తే, రేపు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మన తమ్ముడి వైపు రాదన్న హామీ ఎవరిస్తారు?

కనుక సోదర విద్యార్థులకు ఒక మనవి. ఇకముందు పత్రికలో ‘త్వరలో’, ‘తక్షణమే’, ‘బుల్లెట్ వేగంతో’ అన్న మాటలు కనపడితే తేదీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆరు నెలలకు, యేడాదికి తిరిగి చూడండి. చేరిందా, ఎవరికి చేరింది, దారిలో ఎవరు నలిగారు అని అడగండి. ప్రయోగశాలలో రీడింగు రాసుకోకుండా ఫలితం ప్రకటిస్తే మన రికార్డు మీద సంతకం పెట్టరు. పాలకులకు మాత్రం రీడింగు చూడకుండా మనం సంతకం ఎందుకు పెట్టాలి?