ఆట మధ్యలో ఆరిపోయిన కంప్యూటరు

బాలలూ,

పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది. మా మనవడు తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. సాయంత్రం పూట ఒక గంట కంప్యూటరులో కార్ల పందెం ఆట ఆడుకుంటాడు. ఉన్నట్టుండి ఆట మధ్యలో కంప్యూటరు ఠక్కున ఆరిపోయి, దానంతట అదే మళ్లీ మొదలుకాసాగింది. ఒక్క వారంలో నాలుగు సార్లు ఇలా జరిగింది.

"నువ్వేదో పాడు ఆట ఎక్కించి మిషను చెడగొట్టావు. ఇక ఆటలు కట్టు!" అన్నాడు వాళ్ల నాన్న. బజారులో మరమ్మతులు చేసే ఆయన సంగతి విని, మిషనును చూడకుండానే, "గ్రాఫిక్స్ కార్డు పోయి ఉంటుంది. కొత్తది వేయించండి" అన్నాడు. అది వేల రూపాయలతో పని.

వాడు కళ్ళనీళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, నేనేమీ చెయ్యలేదు" అన్నాడు.

"చెయ్యలేదని నువ్వంటే చాలదు, చేశావని మీ నాన్న అన్నా చాలదు. మిషన్నే అడుగుదాం, రా" అన్నాను.

మిషను మాట్లాడుతుందా అంటారేమో. అది ఆగే తీరునుబట్టి చాలా సంగతులు తెలుస్తాయి. ఆట ఒక్కటే మూతబడి తక్కినవన్నీ నడుస్తూ ఉంటే, ముందు ఆ ఆటనే అనుమానించాలి. తెర నీలంగా మారి అక్షరాలు కనిపిస్తే, మెమరీలోగాని, డ్రైవరు అనే ప్రోగ్రాములోగాని లోపం ఉండవచ్చు. ఏ మాటా చెప్పకుండా ఠక్కున ఆరిపోతే, ఎక్కువగా వేడో, కరెంటో కారణమవుతుంది. మా కంప్యూటరు ఈ మూడో రకం.

ఉత్తరం రాసుకునేటప్పుడు ఆగని కంప్యూటరు ఆట ఆడేటప్పుడే ఎందుకు ఆగుతుంది? మామూలు తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. ఆట నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఈ చుక్కలన్నిటికీ సెకనుకు 60 సార్లు రంగులు వేయవలసి రావచ్చు. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలన్నమాట! అంత పని చేస్తే కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడీ ఎక్కువ పుడుతుంది.

మేము ఒక నోటుబుక్కు తీశాము. ఆగిన రోజు, గంట, నిమిషం, అప్పుడు ఏం చేస్తున్నాడు, లోపల వేడి ఎంత, ఇవన్నీ వాడు రాయాలి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ఇదే మా నియమం. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు.

వేడి చూపించే ప్రోగ్రాములో అంకె 92 డిగ్రీలకు ఎక్కింది. "ఇంకేం, దుమ్మే దొంగ!" అన్నాను ధీమాగా. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పించాము. ఫ్యాను వెనక దుమ్ము దూదిలా పేరుకుని ఉన్నది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులిపాము. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పలేదు. ప్లగ్గు తీసిన తరవాత కూడా దానిలో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని మీరు ఎన్నడూ విప్పకూడదు.

వేడి 74 డిగ్రీలకు దిగింది. నేను మీసం దువ్వుకున్నాను. కాని మర్నాడు సాయంత్రం కంప్యూటరు మళ్లీ ఆరిపోయింది! దుమ్ము తీయటం మంచిదే. అయితే ఈ తప్పు దుమ్ముది కాదు. తొందరపడ్డవాణ్ణి నేనే.

అప్పుడు నోటుబుక్కు చూశాము. ఆగిన వేళలన్నీ ఆరుకూ ఏడుకూ మధ్యనే ఉన్నాయి. మా చిన్న మనవరాలు, "ఆరిపోయే ముందు బల్ల కింద టక్కుమంటుంది, తాతయ్యా" అన్నది. బల్ల కింద ఉన్నది యూపీఎస్. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో కాసేపు కంప్యూటరును నడిపే పెట్టె అది. ఆ వేళకు పక్కింటివారు నీళ్ల మోటారు వేస్తారు. మోటారు వేయగానే మా దీపాలు ఒక్కసారి మినుకుమంటాయి.

మర్నాడు కంప్యూటరును యూపీఎస్‌కు కాక, తిన్నగా గోడ సాకెట్టుకు తగిలించాము. మూడు సాయంత్రాలు మోటారు వేసినా ఆట ఆగలేదు. నాలుగో నాడు మళ్లీ యూపీఎస్‌కు తగిలించాము. మోటారు వేశారు. టక్! కంప్యూటరు ఆరిపోయింది. అయిదో నాడు ఆట మానేసి ఉత్తరం రాయమన్నాను. టక్కుమన్నది గాని, కంప్యూటరు ఆగలేదు.

సంగతి మీకు తెలిసే ఉంటుంది. వోల్టేజి పడిపోగానే యూపీఎస్ టక్కుమని బ్యాటరీ మీదికి మారుతున్నది. ఆ బ్యాటరీ అయిదేళ్లది. ముసలి ఎద్దు ఖాళీ బండి లాగుతుంది గాని, ధాన్యం బస్తాలు వేస్తే లాగలేదు కదా! అలాగే ఉత్తరం రాసే బరువు మోసిన బ్యాటరీ, ఆట బరువుకు కూలబడుతున్నది. లోపం కంప్యూటరులోనే లేదు. ఎలక్ట్రీషియను చేత కొత్త బ్యాటరీ వేయించాము. గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పింది.

మా అబ్బాయి నోటుబుక్కు మొదటినుంచి చివరివరకూ చదివి, "ఊరికే నిన్ను అన్నానురా" అన్నాడు కొడుకుతో. వాడికి ఆట దొరికినదానికంటె ఆ మాటే ఎక్కువ సంతోషం కలిగించింది.

నోటుబుక్కు రాయటం మేము కనిపెట్టినది కాదు సుమా! 1947 సెప్టెంబరు 9న, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవారి మార్క్ 2 కంప్యూటరులో లోపం వచ్చింది. వెతికితే 70వ నంబరు రిలేలో చిమ్మటపురుగు ఇరుక్కుని ఉన్నది. పనివారు దాన్ని తీసి నోటుబుక్కులో అంటించి, పక్కన 3 గంటల 45 నిమిషాలని వేళ కూడా రాశారు. ఆ పుస్తకం ఈనాటికీ అక్కడి స్మిత్‌సోనియన్ మ్యూజియంవారి దగ్గర భద్రంగా ఉన్నది.

మీ ఇంట్లో ఏ మిషను మొరాయించినా, ఎవరినీ తిట్టక ముందు ఒక కాగితం తీసి, వేళ రాయండి. పెద్దలు పక్కన ఉంటేనే ప్లగ్గులమీద చెయ్యి వేయండి. మీ కాగితంలో ఏం తేలిందో నాకు రాస్తారు కదూ?

మీ మాస్టారు