ఫైలకా దీవికి ఒక్క రోజు... అదీ మన హక్కే

జూన్ వచ్చిందంటే కువైట్‌లో రెండు రకాల జనం సముద్రం వైపు బయల్దేరతారు. సెలవు గడపడానికి వెళ్లేవాళ్లు కొందరు. వాళ్ల సామాన్లు మోయడానికి, వంట చేయడానికి, పిల్లల్ని చూసుకోవడానికి వెంట వెళ్లేవాళ్లు ఇంకొందరు. ఖైరాన్, బెనైదర్, జులైయా తీరాల్లో వరసగా కట్టిన షాలేల్లో ఈ రెండో రకం జనాన్ని వెతికితే మన కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు, డ్రైవర్ అన్నలు ఎందరో కనిపిస్తారు. యజమాని ఇంటికి సెలవొస్తే ఖద్దామాకు చాకిరీ రెట్టింపవుతుంది. వంటింటి కిటికీలోంచి సముద్రం కనపడుతూనే ఉంటుంది. చేతులు మాత్రం అంట్ల గిన్నెల్లోనే ఉంటాయి.

ఎండాకాలం షికార్ల గురించి, దీవుల్లో బసల గురించి పత్రికలు ఏటా రాస్తాయి. వాటిని చదివి ‘‘ఇవన్నీ ఉన్నోళ్ల కబుర్లు, మనకెందుకులే’’ అని పేజీ తిప్పేసే వాళ్లు మనలో ఎక్కువ. ఈ వారం మేము అదే విషయం మనవాళ్ల కోసమే రాయాలనుకున్నాం. కూలి పనికొచ్చినవాడికి సముద్రం ఒడ్డున ఒక రోజు గడిపే హక్కు లేదా? ఉంది. చట్టంలో కూడా ఉంది. దాన్ని అడిగే అలవాటే మనకు లేదు.

కువైట్‌కు తొమ్మిది దీవులున్నాయి. బుబియాన్ అన్నిటికంటే పెద్దదైనా షికారుకు పోయే చోటు కాదు. దక్షిణాన ఉన్న కుబ్బర్, ఖారూ, ఉమ్ అల్ మరాదిం చిన్న పగడపు దీవులు. సొంత బోట్లున్నవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారు. చూడ్డానికి నాలుగు చోట్లుండి, మామూలు జనం పడవెక్కి వెళ్లి రాగలిగిన దీవి అంటే ఫైలకానే. కువైట్ సిటీ తీరం నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. పడవ రకాన్ని బట్టి గంట అటూ ఇటూగా ప్రయాణం.

ఆ దీవికి నాలుగు వేల ఏళ్ల చరిత్ర ఉంది. దిల్మున్ వర్తకుల కాలంలో ఇక్కడ ఊరు ఉండేది. ఆ వర్తకులు ఒకవైపు మెసొపొటేమియాతో, మరోవైపు మన సింధు లోయతో సరుకులు మార్చుకున్నవాళ్లు. ఆ తర్వాత అలెగ్జాండర్ వారసుల కాలంలో గ్రీకులు వచ్చి కోట కట్టుకున్నారు, గుడి కట్టుకున్నారు, దీవికి ఇకారోస్ అని పేరు పెట్టుకున్నారు. 1958లో డెన్మార్క్ నుంచి వచ్చిన పరిశోధకులు తవ్వకాలు మొదలుపెట్టాక ముద్రలు, గోడలు, గ్రీకు అక్షరాల శాసనం బయటపడ్డాయి. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి ఈ గడ్డకు వచ్చినవాళ్లలో మనం మొదటివాళ్లమేమీ కాదని ఆ రాళ్లు చూస్తే అర్థమవుతుంది.

ఇటీవలి చరిత్ర అంతకంటే మన గుండెకు దగ్గరగా ఉంటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పటికి ఫైలకాలో రెండు వేల మంది దాకా ఉండేవాళ్లు. వాళ్లందర్నీ సైన్యం దీవి నుంచి వెళ్లగొట్టింది. 1991లో కువైట్‌కు విముక్తి దొరికినా ఆ ఊరు మళ్లీ ఊరు కాలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చి వాళ్లను ఇవతలి ఒడ్డున స్థిరపరిచింది. పాత బ్యాంకు భవనం గోడల మీద తూటాల గుర్తులు అలాగే ఉండిపోయాయి. తలుపుల్లేని ఇళ్లు, తుప్పుపట్టిన యుద్ధ ట్యాంకులు, వాటి పక్కనే నీలంగా మెరిసే సముద్రం. అదీ ఫైలకా.

అదే ఆగస్టులో మనవాళ్ల పరిస్థితి ఏమిటో పాతవాళ్లను అడిగితే చెబుతారు. జీతం రాక, చేతిలో దినార్లకు విలువ లేక, కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరినవాళ్లున్నారు. ఆ రెండు మూడు నెలల్లో లక్షా 70 వేల మంది దాకా భారతీయులు స్వదేశం చేరారు. వాళ్లలో ఎక్కువమంది అమ్మాన్ నుంచే విమానాలెక్కారు. ఆనాడు ఇల్లొదిలిన దీవివాసులదీ, కొలువొదిలిన మనవాళ్లదీ ఒకే కష్టం. ఫైలకా వెళ్లినవాళ్లు ఆ పాత ఇళ్ల మధ్య ఓ పది నిమిషాలు నిలబడి రండి. ఊరు ఖాళీ అయితే ఎలా ఉంటుందో, వలసలతో సగం ఖాళీ అయిన పల్లెల నుంచి వచ్చిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

యుద్ధం తర్వాత ఆ దీవిలో పర్యాటకుల కోసం బసలు, హెరిటేజ్ విలేజ్ ఏర్పాటు చేశారు. అయితే పడవ వేళలు, ఛార్జీలు, బస దొరకడం సీజన్‌ను బట్టి మారుతుంటాయి. ముందుగా ఫోన్ చేసి, దొరుకుతుందని రూఢి చేసుకున్నాకే డబ్బు కట్టాలి. ‘‘నేను ఇప్పిస్తా’’ అని రూముకు వచ్చి దినార్లు వసూలు చేసేవాణ్ణి నమ్మొద్దు. వీసాల విషయంలో ఏజెంట్ల చేతిలో మోసపోయింది చాలు, షికారుకు కూడా ఏజెంటెందుకు?

ఇక అసలు సంగతి, సెలవు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. ఆరు రోజుల పని తర్వాత జీతంతో కూడిన పూర్తి 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని అది చెబుతుంది. అవసరం కొద్దీ ఆ రోజు పని చేయించుకుంటే మామూలు జీతం మీద కనీసం సగం అదనంగా ఇవ్వాలి, బదులుగా ఇంకో రోజు సెలవూ ఇవ్వాలి. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు.

‘‘కాగితం మీద ఉంటే ఏం లాభం? మా మామా పంపదు’’ అంటారు మన అక్కలు. నిజమే. మాలియాలో శుక్రవారం కలిసే మగవాళ్లలో కంపెనీ వీసా వాళ్లే ఎక్కువ. నమాజుకో, చర్చికో వెళ్లొచ్చే వీలు కూడా లేని ఆడవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో లెక్కే లేదు. రెండేళ్లపాటు సముద్రం ఉన్న దేశంలో బతికి, నీళ్లలో పాదం పెట్టకుండా తిరిగి వెళ్లినవాళ్లున్నారంటే మనం సిగ్గుపడాలి. చట్టం ఉందని తెలిస్తే కనీసం అడగొచ్చు. నెలకు నాలుగు సెలవులు ఒక్కసారే ఇవ్వకపోయినా, మర్యాదగా, ముందుగా చెప్పి ఒక్క శుక్రవారం అడిగితే ఒప్పుకునే యజమానులూ ఉన్నారు. అసలు వదలకుండా, కొట్టి తిట్టి పని చేయించుకునే ఇళ్లయితే మానవ వనరుల శాఖలోని గృహ కార్మికుల విభాగానికి, మన ఎంబసీకి ఫిర్యాదు చేసే దారి ఉంది.

ఇక్కడే మన తెలుగు సంఘాలకు ఓ మాట. ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు తీసుకుని, ఊరి నుంచి సినిమావాళ్లను పిలిపించి వేడుకలు చేస్తున్నారు. సంతోషం. ముందు వరసల్లో కూర్చునేవాళ్లు ఎవరో కూడా మేము చూస్తూనే ఉన్నాం. ఆ ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఏడాదికి ఒక్కసారి ఓ బస్సు, ఓ పడవ మాట్లాడి, ఇళ్లలో పనిచేసే యాభై మంది ఆడవాళ్లను ఫైలకాకు తీసుకెళ్లి పొద్దుగుంకేలోగా క్షేమంగా ఇంటి దగ్గర దింపగలరా? సంఘం పేరుతో ఒక ఉత్తరం, బాధ్యత తీసుకునే ఒక పెద్దమనిషి ఫోన్ నంబరు ఉంటే ఒప్పుకునే యజమానులు పెరుగుతారు. సన్మానం శాలువా కంటే ఆ రోజు వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

‘‘ఊళ్లో అప్పు తీరలేదు, ఇక్కడ షికార్లా?’’ అనే మాటా వస్తుంది. అప్పు తీర్చాల్సిన ఒళ్లే పడిపోతే అప్పు ఎవరు తీరుస్తారు? 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి చోట ఏడు రోజులూ పనిచేసే మనిషికి విశ్రాంతి కూడా మందు లాంటిదే. రూములో చీటీ వేసుకున్నట్టే నెలకు తలా రెండు దినార్లు పక్కన పెడితే ఆరు నెలలకు పన్నెండవుతాయి. ఇంటికి పంపే డబ్బులో కోత పడకుండానే ఓ పూట గడిచిపోతుంది.

వెళ్లేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పనులనే ప్రభుత్వం నిషేధించింది. పనికి వద్దన్న ఎండ షికారుకు మాత్రం మంచిదా? దీవిలో చెట్ల నీడ తక్కువ. ఎండాకాలంలో అయితే దగ్గర్లోని సాల్మియా తీరంలోనో, గల్ఫ్ రోడ్డు మీదో సాయంత్రాలు గడపండి. ఫైలకా ప్రయాణం అక్టోబరు తర్వాత పెట్టుకుంటే ఒంటికీ మంచిది, చూసిందీ మనసుకు పడుతుంది. సెలవు, చీటీ సంగతి మాత్రం ఇప్పటి నుంచే చూసుకోండి. సివిల్ ఐడీ దగ్గరుంచుకోవాలి. నీళ్లు సరిపడా మోసుకెళ్లాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. పాత యుద్ధం మిగిల్చిన ఇనుప ముక్కల్ని ముట్టుకోవద్దు, తవ్వకాల చోట పెంకు కూడా ఏరొద్దు. పక్కవాళ్ల కుటుంబాల ఫొటోలు తీయొద్దు. తిన్న పొట్లాలు అక్కడే పారేసి రావద్దు. మనం చేసిన తప్పుకు రేపు వచ్చే ఇంకో తెలుగువాడు మాట పడతాడు.

ఆ దీవి మీద ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు పరిహారం దక్కింది. మనం పోగొట్టుకుంటున్న శుక్రవారాలకు ఎవరూ పరిహారం ఇవ్వరు. అందుకే అడుగుదాం, కూడబలుక్కుందాం, ఒక్క రోజైనా సాధించుకుందాం. యజమాని పిల్లల కోసం ఇసుకలో చాప పరిచిన అక్క, ఆ చాప మీద తాను కూడా కూర్చునే రోజు ఈ చలికాలమే రావాలి.