వెళ్లేటప్పటికి కాదు, వచ్చేటప్పటికి

పెద్ద బ్యాక్‌ప్యాక్ కొనాలనుకున్నవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని లీటర్లు?" అన్నదే. సెమిస్టర్ సెలవుల్లో కేదార్‌కంఠ ట్రెక్‌కి బయల్దేరే మనవాళ్లూ అదే అడుగుతారు, అమెరికాలో రాకీ పర్వతాల్లోకి ఎల్క్ వేటకి వెళ్లేవాళ్లూ అదే అడుగుతారు. ట్రెక్‌కి ఆ ప్రశ్న చాలేమో. వేటకి మాత్రం అది రెండో ప్రశ్న కూడా కాదు, ఏ నాలుగోదో. మొదటి ప్రశ్న వేరే ఉంది. వేట ఫలిస్తే ఏం మోసుకుని వెనక్కి రావాలి? బ్యాగ్ కొనాల్సింది ఆ బరువుకి. వెళ్లేటప్పటి బరువుకి కాదు.

జన్మలో తుపాకీ ముట్టుకోని మెకానికల్ మూడో సంవత్సరంవాడికి ఈ గొడవ ఎందుకంటారా? మా పెద్దమ్మ కొడుకు మోంటానాలో బోజ్‌మన్ అనే ఊళ్లో ఎంఎస్ చేస్తున్నాడు. వాళ్ల ల్యాబ్‌లో పనిచేసే స్థానికుడొకాయన ఏటా ఎల్క్ వేటకి వెళ్తాడు. ఈసారి అన్నయ్యని మోతకి సాయం రమ్మన్నాడు. కాల్చేది ఆయన, మోసేది ఇద్దరూ. "నువ్వు మెకానికల్ కదరా, ఏ బ్యాగ్ కొనాలో తేల్చు" అని అన్నయ్య నాలుగు లింకులు పంపాడు. ఒక్కోటీ ఐదారు వందల డాలర్లు. పార్ట్‌టైమ్ డబ్బులతో బతికే ఎంఎస్ కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు కాబట్టి నేనూ సీరియస్‌గానే కూర్చున్నాను.

వేట మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ తేల్చను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అడవి జంతువుని వేటాడితే జైలు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే లైసెన్సూ ట్యాగూ అమ్మి, ఏ జంతువు, ఏ ప్రాంతం, ఏ తేదీలు అని నిర్ణయిస్తుంది. మా పెద్దమ్మకి ఇదంతా చెప్పినా "నువ్వెందుకురా వెళ్లడం" అనే అంటోంది. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. కానీ వెళ్లడమంటూ జరిగితే, చచ్చిన జంతువు అడవిలో కుళ్లిపోకూడదు, మోసేవాడి నడుం విరక్కూడదు. ఈ రెండూ బ్యాగ్‌తో ముడిపడిన విషయాలే.

ముందు బరువు సంగతి. ఎల్క్ అంటే జింక జాతే గానీ మన కణుజు కంటే పెద్దది. బాగా ఎదిగిన మగది 300 కిలోల దాకా తూగుతుంది. అక్కడికక్కడే కోసి ఎముక తీసేసినా సుమారు 100 కిలోల మాంసం మిగులుతుంది. ఎముకతో మోస్తే వెనక తొడ ఒక్కటే పాతిక ముప్పై కిలోలు. అలాస్కాలో మూస్ అని ఇంకో మహాకాయం ఉంది. 1,600 పౌండ్ల మూస్ నుంచి 500 పౌండ్ల దాకా మాంసం వస్తుందని ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖ లెక్క. అంటే 225 కిలోలకి పైమాటే. కొండల మధ్య, రోడ్డుకి మైళ్ల దూరంలో, ఇదంతా మనిషి వీపు మీదే రావాలి. గుర్రాలూ, కంచరగాడిదలూ ఉన్నవాళ్ల కథ వేరు.

"మోయగలిగినంత మోసి మిగతాది వదిలేస్తే పోలా?" అని మా రూమ్మేట్ అడిగాడు. కుదరదు. తినదగ్గ మాంసాన్ని వృథాగా వదిలేయడం మోంటానాతో సహా అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో నేరం. అలాస్కా నిబంధన నాకు మరీ నచ్చింది: మాంసమంతా తరలేదాకా కొమ్ముల్ని చంపిన చోటు నుంచి కదపకూడదు, కావాలంటే చివరి మోతతో పాటు తెచ్చుకోవచ్చు. ఎవరి బుద్ధి ఎలాంటిదో తెలిసే రాశారు. ఫొటోకి పనికొచ్చేవి కొమ్ములే కదా!

ఇప్పుడు లీటర్ల దగ్గరికి వద్దాం. మాంసం సాంద్రత ఇంచుమించు నీళ్లంతే. పాతిక కిలోల మాంసం పాతిక లీటర్ల చోటులో పట్టేస్తుంది, అంటే మనం రోజూ కాలేజీకి తెచ్చే బ్యాగంత. చోటు తినేది మాంసం కాదు, స్లీపింగ్ బ్యాగూ, టెంటూ, చలి బట్టలూ. అవన్నీ ఉబ్బుగా ఉండి తేలిగ్గా ఉండే సరుకు. ఐదు రోజుల తిండితో కలిపి వెళ్లేటప్పుడు మొత్తం 18, 20 కిలోలు ఉంటుంది. ఏ బ్యాగైనా దాన్ని మోస్తుంది. అందుకే షాపులో ఏ బ్యాగ్ తగిలించుకున్నా హాయిగానే అనిపిస్తుంది. అసలు పరీక్ష తిరిగొచ్చేటప్పుడు: చిన్నదిగా, బరువుగా, మెత్తగా, కిందికి జారిపోతూ ఉండే ముద్ద.

ఆ ముద్ద ఎక్కడుంటుందన్నది స్టాటిక్స్ మొదటి యూనిట్ లెక్క. 30 కిలోల బరువు వెన్నుకి 30 సెంటీమీటర్లు వెనకగా వేలాడితే మనిషిని వెనక్కి లాగే మొమెంట్ 30×9.8×0.30, అంటే సుమారు 88 న్యూటన్ మీటర్లు. అదే బరువు వీపుకి అతుక్కుని 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 44. బరువు మారలేదు, బాధ సగమైంది. గుంటూరు మిర్చి యార్డులో హమాలీని చూడండి. టిక్కీని వీపు పైభాగాన, మెడకి ఆనించి వేసుకుని, కాస్త ముందుకి వంగి నడుస్తాడు. బరువుని కాళ్ల మీదికి తెచ్చుకోవడం అది. ఆయన ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీయలేదు, ఒంటితో చదువుకున్నాడు. మనం మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగుని పిరుదుల కిందికి వేలాడదీసుకుని తిరుగుతాం.

హమాలీ మోసేది యాభై అడుగులో వందడుగులో. అదే మోత మైళ్ల కొద్దీ సాగాలంటే భుజాలు, మెడ చాలవు, బరువు నడుం ఎముక మీద కూర్చోవాలి. ఈ సంగతి బ్యాగుల చరిత్రలో చాలా ఆలస్యంగా తేలింది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం ఫ్రేమ్ బ్యాగులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు కొండల్లో నడుస్తూ, కర్ర ఫ్రేమ్ కింది కొనల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలకి ప్రాణం లేచొస్తోందని గమనించారట. హిప్ బెల్ట్ ఆలోచన అక్కణ్ణించే అంటారు.

అందుకే నా మొదటి ఓటు ఫ్రేమ్‌కి. సంచి ఎంత పెద్దదైనా వెనక గట్టి కడ్డీలు లేకపోతే బరువు నడుం దాకా దిగదు, మధ్యలో బ్యాగ్ ముడుచుకుపోయి మొత్తం భుజాలకే చుట్టుకుంటుంది. ఆ కడ్డీలు భుజాల కంటే కొన్ని అంగుళాలు ఎత్తుగా ఉండాలి. ఎందుకంటే భుజం పట్టీల పైనుంచి ఫ్రేమ్ కొనకి ఏటవాలుగా వెళ్లే రెండు చిన్న పట్టీలుంటాయి, లోడ్ లిఫ్టర్లు అంటారు. అవి దాదాపు 45 డిగ్రీల కోణంలో పైకి లాగితేనే బరువుని వీపు వైపు తెస్తాయి, భుజాల మీంచి లేపుతాయి. ఫ్రేమ్ పొట్టిదైతే అవి అడ్డంగా పడుకుని అలంకారంగా మిగిలిపోతాయి. నేను చూసిన నాలుగు లింకుల్లో ఒకటి ఇక్కడే పోయింది.

రెండోది లోడ్ షెల్ఫ్. వేట బ్యాగుకీ మామూలు ట్రెక్ బ్యాగుకీ అసలు తేడా ఇదే. సంచిని ఫ్రేమ్ నుంచి కాస్త విడదీసి, ఆ రెంటి మధ్య అరలా ఏర్పడిన చోట మాంసం మూటని పెట్టి, పట్టీలతో బిగించేస్తారు. దీనివల్ల మూడు లాభాలు. బరువు వీపుకి అతుక్కుని ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్‌కి నెత్తురంటదు. మీటరు పొడుగున్న తొడ కూడా సంచిలో పట్టకపోయినా ఇక్కడ నిలబడుతుంది. మూట అడుక్కి జారకుండా నడుముకి పైనే ఆపే పట్టీలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. మెత్తటి మాంసం అడుగులు పడేకొద్దీ కిందికి దిగుతుంది, దిగేకొద్దీ వెనక్కి ఉబ్బుతుంది, మళ్లీ ఆ 88 దగ్గరికే చేరతాం.

మూడోది మనిషికి అతకడం. బ్యాగ్ సైజు మనిషి ఎత్తుని బట్టి కాదు, మొండెం పొడవుని బట్టి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుం పక్క ఎముకల పై అంచు దాకా టేపు పెట్టి కొలవాలి. మా అన్నయ్య ఐదడుగుల ఆరంగుళాలు, కానీ కాళ్లు పొడవు, మొండెం పొట్టి. అదే ఎత్తున్న ఇంకొకడికి సరిపోయిన ఫ్రేమ్ వీడికి సరిపోకపోవచ్చు. హిప్ బెల్ట్ విషయంలో ఇంకో చిక్కు. ఐదు రోజులు కొండలెక్కితే నడుం సన్నబడుతుంది, పైన వేసుకునే బట్టలు మారతాయి. షాపులోనే బెల్ట్ చివరిదాకా బిగిసిపోతే ఇక బిగించడానికి జాగా ఉండదు, అది వద్దు.

గుడ్డ, జిప్పులు, జేబుల గురించి రివ్యూల్లో పేజీలు పేజీలు ఉంటాయి. నాకంత పట్టింపు లేదు. గట్టి నైలాన్ అయితే చాలు, కొమ్మలకి రాసుకుంటే చప్పుడు చెయ్యకూడదు, సంచి ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. ఒక్క చిన్న విషయం మాత్రం ముఖ్యం. మోంటానాలో తుపాకీ సీజన్‌లో నడుం పైన 400 చదరపు అంగుళాల నారింజ రంగు బయటికి కనిపించాలని చట్టం. ఇంత బ్యాగ్ తగిలిస్తే వెనకవైపు చొక్కా కనిపించదు. దానికి తోడు బ్యాగ్ మీద కొమ్ములు కట్టుకుని నడిస్తే దూరం నుంచి ఇంకో వేటగాడికి ఏం కనిపిస్తుందో ఊహించుకోండి. పది డాలర్ల నారింజ గుడ్డ ఒకటి బ్యాగ్ మీద కట్టాల్సిందే.

తేలిక బ్యాగుల పార్టీ వాళ్లు ఒకటి అంటారు: "మూడు కిలోల ఫ్రేమ్ బ్యాగ్ ఎందుకు, కిలో బ్యాగ్ వేసుకెళ్దాం, జంతువు పడితే కారు దగ్గరికొచ్చి మోత ఫ్రేమ్ పట్టుకెళ్దాం." వినడానికి బాగుంది. వేట ఫలించని రోజులే ఎక్కువ కాబట్టి రెండు కిలోలు మిగిలినట్టే కదా అని నాకూ కాసేపు అనిపించింది. కానీ అలా చేస్తే పడిన జంతువు దగ్గర్నుంచి మొదటి నడక ఖాళీ చేతుల నడక అవుతుంది. సెప్టెంబరులో విల్లు సీజన్ అప్పుడు పగలు వేడిగా ఉంటుంది, ఎముక చుట్టూ ఉన్న మాంసం ముందు చెడిపోతుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట ఆలస్యమైన ప్రతి గంటకీ తిరిగెళ్లేసరికి ఆ మాంసానికి ఇంకో యజమాని ఉండే అవకాశం పెరుగుతుంది. గ్రిజ్లీతో వాదించలేం. ఫ్రేమ్ మొదటి రోజు నుంచీ వీపు మీదే ఉండాలి.

అన్నయ్యకి నేను చెప్పిన పరీక్ష ఇది. సోనా మసూరి బియ్యం 20 పౌండ్ల సంచులు అమెరికాలో ప్రతి తెలుగింట్లో ఉంటాయి. మూడు తెచ్చుకుంటే 27 కిలోలు. డంబెల్సూ పుస్తకాలూ పెట్టి చూడొద్దు, అవి కదలవు. బియ్యం మాంసంలాగే కుదించుకుని కిందికి దిగుతుంది. వాటిని షెల్ఫ్‌లో కట్టుకుని యూనివర్సిటీ మెట్లు కాదు, ఊరి పక్క కొండ ఎక్కి దిగి రావాలి. దిగేటప్పుడు మోకాళ్లు చెప్పేదే నిజం. బ్యాగ్ వెనక్కిచ్చే గడువులోపే ఈ పని అయిపోవాలి.

ఈ పరీక్ష బ్యాగ్‌ని మాత్రమే కొలవదు. 100 కిలోల మాంసం ఇద్దరి మధ్య నాలుగు మోతలు, ఒక్కొక్కరికి రెండు. రోడ్డుకి ఐదు కిలోమీటర్ల దూరంలో కొడితే ఒక్కొక్కరూ బరువుతో పది, ఖాళీగా ఐదు, మొత్తం పదిహేను కిలోమీటర్లు నడవాలి. టెంటూ సామానూ అదనం. బియ్యం సంచులతో మూడు కిలోమీటర్లకే కాళ్లు వణికితే, అయిదో కిలోమీటరు దగ్గర కనిపించిన ఎల్క్‌ని చూసి తుపాకీ దించేసుకోవాలి. అన్నయ్య ఈ మాట ఆయనతో అంటే, ఆయన మ్యాప్ తీసి కారు ఆపే చోటు చుట్టూ ఒక గీత గీశాడట. దాని అవతల ఎంత పెద్దది కనిపించినా కాల్చేది లేదని.

ఇక లీటర్లు. ఆ కంపెనీలు చాలామట్టుకు ఘనపు అంగుళాల్లో చెబుతాయి. 61తో భాగిస్తే లీటర్లొస్తాయి, 4,800 అంటే దాదాపు 79. ఐదు రాత్రులకి 70, 80 మధ్య సరిపోతుందని చెప్పాను. 100 లీటర్లది కొంటే ఆ ఖాళీ చూసి ఇంకో జాకెట్టూ, ఇంకో పచ్చడి సీసా పెడతాడు. మా వాడి సంగతి నాకు తెలుసు.